తోట గేటుకు కట్టిన వేపమండ

నేను ఏడో తరగతి పరీక్ష రాయలేదు. ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే, "ఆ ఏడు మా ఊళ్ళో అమ్మవారు పోసి బడి మూసేశారండీ" అని చెప్తాను. అందులో అబద్ధం లేదు. కాకపోతే మా క్లాసులో మిగతా ఇరవైముగ్గురూ పరీక్ష రాశారు. ఆ మాట మాత్రం చెప్పను. చెబితే రెండో ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చెప్పాలంటే మా నాన్న సంగతి ఎత్తాలి. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు రాసినా ఆయన మనసు కష్టపడదనే ధైర్యంతో రాస్తున్నాను.

మాది నూజివీడుకూ ఆగిరిపల్లికీ మధ్య, బస్సు రోడ్డు నుంచి బాగా లోపలికి ఉన్న ఊరు. నాన్న మామిడితోటకు కాపలా ఉండేవాడు. తోట ఒక ఆసామిది, పూత మీద దాన్ని కొనుక్కునే వ్యాపారి ఒకడు, కాయ కోసి బండెక్కేదాకా దానికి బాధ్యుడు మా నాన్న. పిందె నిమ్మకాయంత అయ్యేసరికి ఆయన తోటలో పాక వేసుకుని అక్కడే ఉండిపోయేవాడు. తోట ఊరికి రెండు మైళ్ళు. నాకు బడి ఉంది కాబట్టి అమ్మా నేనూ ఊళ్ళోనే ఉండేవాళ్ళం. మా ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఏడు పాసైతే నూజివీడు హైస్కూల్లో చేర్పిస్తానని నాన్న అందరి ముందూ అన్నాడు. మా వాడలో అంతవరకూ ఏ ఆడపిల్లా ఏడో తరగతి దాటలేదు.

ఎనభైల మొదట్లో ఒక ఏడాది, శివరాత్రి వెళ్ళాక, ఊళ్ళో పిల్లలకు అమ్మవారు పోయడం మొదలైంది. వచ్చింది ఆటలమ్మ. ప్రాణాలు తీసే పెద్దమ్మవారు అప్పటికే లోకంలో లేకుండా పోయిందని నాకు తర్వాత లైబ్రరీలో వైద్యం పుస్తకం చదివితే తెలిసింది. ఆ పుస్తకం రెండుసార్లు తెచ్చుకుని చదివాను. మా ఊరికి మాత్రం అప్పట్లో ఆ తేడా లేదు. ఇద్దరూ అమ్మవార్లే. పైగా మా పక్క వీధిలో ఒక చంటిబిడ్డ నిజంగానే పోయింది. దాంతో ఊరు బిగుసుకుపోయింది. అమ్మవారు ఉన్న ఇంటి గుమ్మానికి వేపమండ కట్టేవారు. మండ కనిపిస్తే ఆ ఇంటికి ఎవరూ వెళ్ళకూడదు. బయట నిలబడి పేరు పెట్టి పిలవనూ కూడదు, పిలుపు వింటే అమ్మవారికి కోపం వస్తుందని. ఆ ఇంట్లో తాళింపు వెయ్యరు. పొక్కులు మాడాక, వేపాకూ పసుపూ వేసి ఎండలో కాగిన నీళ్ళు రోజు విడిచి రోజు మూడుసార్లు పోస్తారు. మూడో నీళ్ళు పోశాకే గుమ్మానికున్న మండ విప్పుతారు.

మా బడి ఆవరణలోనే ఒక గదిలో ఆయా కాపురం ఉండేది. ఒకరోజు ఆమె పెద్దపిల్లకు అమ్మవారు పోసింది. అంటే అమ్మవారు బడిలోకే వచ్చి కూర్చుందన్నమాట.

ఆ సాయంత్రం పెద్దలంతా బడి ముందు చేరారు. మేం పిల్లలం గోడ అవతల నిలబడి విన్నాం.

"మూసేయండి మాస్టారూ," అన్నాడు మా క్లాసులో పిల్లవాడి తండ్రి ఒకాయన. "బతికుంటే బలుసాకు తినొచ్చు. చదువెక్కడికి పోద్ది?"

మా పెద్ద మాస్టారు సన్నటి మనిషి, గొంతు పెద్దది. "చదువెక్కడికీ పోదండీ. పిల్లలే పోతారు," అన్నారు. "మీ వాడు ఇంట్లో ఉంటాడు. రేపు తెరిస్తే మళ్ళీ వస్తాడు. కూలికి పోయేవాళ్ళ పిల్లలు అలా కాదు. ఇవాళ మూస్తే రేపు తోటల్లో ఉంటారు. తోటకెళ్ళిన పిల్లని మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టడం నా వల్ల కాదు, మీ వల్లా కాదు. ఏడో తరగతికి పరీక్ష నెలన్నర కూడా లేదు."

"పరీక్ష కోసం పిల్లల్ని చంపుకుంటామా ఏంటండీ?"

ఒక ముసలమ్మ మధ్యలో అందుకుంది. "అమ్మోరేమన్నా ఎర్రబస్సెక్కి వస్తదా అబ్బాయ్, బడికి తాళమేస్తే దిగకుండా పోవడానికి? మా ఇంటికి ఏ బడి తలుపులోంచి వచ్చింది?"

కొందరు నవ్వారు. చంటిబిడ్డను పోగొట్టుకున్న ఇంటాయన కూడా ఆ గుంపులో ఉన్నాడని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆయన తల వంచుకుని నేల చూస్తున్నాడు. ఆయన్ని చూశాక పెద్ద మాస్టారు కూడా ఇక వాదించలేదు. "సరే, మీ ఇష్టం," అన్నారు.

నాన్న తోట నుంచి వచ్చి అందరికన్నా వెనక నిలబడ్డాడు.  ఇంటికి వస్తూ అమ్మతో, "మాస్టారు చెప్పిందే నిజం," అన్నాడు. మర్నాడు సామాను సర్దుకుని మమ్మల్ని కూడా తోటకు తీసుకెళ్ళాడు. ఊళ్ళో ఉంటే నాకూ పోస్తుందని ఆయన భయం.

బడి ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేదు. ఆయా బడి గేటుకే వేపమండ కట్టింది, ఆమె గుమ్మమైనా బడి గుమ్మమైనా అదే కాబట్టి. పిల్లకు మూడో నీళ్ళు పోసినరోజు విప్పేస్తానంది. వేపమండ విప్పిన రోజే బడి అని మేమంతా లెక్క వేసుకున్నాం.

తోటకు వెళ్ళేముందు నేను లైబ్రరీకి పరుగెత్తాను. పంచాయతీ ఆఫీసు పక్కన ఒకటే గది, ముందు పొడుగాటి అరుగు. ఆ గది చూసుకునే ఆయన్ని అందరం లైబ్రరీ మాస్టారనేవాళ్ళం.

"ఏం కావాలమ్మా?" అన్నారు.

"లావుది," అన్నాను.

ఆయన నవ్వి, అన్నిటికన్నా లావుగా ఉన్నది తీసిచ్చారు. సముద్రాల గురించి రాసిన పుస్తకం. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలూ లేవు. సముద్రం మాకు ఎంతో దూరం కాదు, బందరు బస్సెక్కితే చాలు. కానీ నేనప్పటికి చూడలేదు.

*

తోట పెద్దది. ఎక్కువ చిన్నరసాలు, గట్టు వెంబడి కలెక్టర్ కాయలు. అమ్మ పొద్దున్నే పక్క ఊరి పొలాల్లో మినుము పీకడానికి కూలికి పోయేది. నాన్న తోట ఆ చివర నుంచి ఈ చివరికి చిలకల్ని తోలుతూ తిరిగేవాడు. పాక దగ్గర నేనూ ఒక కుక్కా. నాకు తోబుట్టువులు లేరు. మొదటి రెండు రోజులూ సెలవులే కదా అనిపించింది. మూడోరోజు నుంచి నా గొంతు నాకే కొత్తగా వినిపించడం మొదలుపెట్టింది. పొద్దున అమ్మ వెళ్తూ ఏదో అంటే "ఊఁ" అన్నది తప్ప, మళ్ళీ సాయంత్రందాకా మాట్లాడే అవసరం ఉండేది కాదు.

చిలకల్ని బెదిరించడానికి నాన్న ఒక రేకు డబ్బా కొమ్మకు వేలాడగట్టాడు. దాన్ని కర్రతో కొట్టాలి. నేను దాన్ని బడిగంట చేసుకున్నాను. నీడ పాక స్తంభం దాటితే మొదటి గంట. చెట్టు కింద కూర్చుని లెక్కలు. నీడ పొయ్యి దాకా వస్తే రెండో గంట, తెలుగు. గంట కొట్టిన ప్రతిసారీ చిలకలు ఒక్కుమ్మడిగా లేచి గోలగోలగా పోయేవి. ఆ కాస్సేపూ బడి వదిలినట్టే ఉండేది. ఆ తర్వాత నిశ్శబ్దం మరీ ఎక్కువగా ఉండేది.

లెక్కల్లో ఒకచోట ఆగిపోయాను. చక్రవడ్డీ. మాస్టారు చెప్పబోతుండగానే బడి మూశారు. పుస్తకంలో చేసి చూపించిన లెక్క ఎన్నిసార్లు చూసినా రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు ఎలా వెళ్ళారో అర్థమయ్యేది కాదు. అడగడానికి మనిషి లేడు. నాన్నని అడిగితే నెత్తిన గుడ్డ తీసి మళ్ళీ చుట్టుకుని, "అదేదో మాస్టారే చెప్తారులేమ్మా," అనేవాడు.

మిగిలిన పొద్దంతా సముద్రాలు. నీళ్ళలో నీళ్ళు నదుల్లా పారుతాయని, వెచ్చటి పాయలూ చల్లటి పాయలూ ఉంటాయని అందులో ఉంది. ఆ పాయల పేర్లన్నీ బట్టీ పట్టాను. ఇప్పటికీ చెప్పగలను. మా మనవరాలి భూగోళం పుస్తకంలో ఒక పేరు తప్పు పడితే నేనే పట్టుకున్నాను.

రెండు వారాలయ్యాక ఉండబట్టలేక, బడి తెరిచారేమో చూసొస్తానని అమ్మను అడిగాను. వీధుల్లోకి అడుగు పెట్టకుండా, డొంక దారిన బడి దాకా వెళ్ళి వచ్చేయమంది. బడి ఊరి అంచునే ఉంది. వెళ్ళాను. గేటుకు వేపమండ ఉంది. ఎండినది కాదు, పచ్చగా నిగనిగలాడుతోంది. ఆయా రెండో పిల్లకు కూడా పోసిందన్నమాట. గేటు సందులోంచి మా క్లాసు కిటికీ కనిపించింది. నల్లబల్ల మీద ఆఖరిరోజు తేదీ అలాగే ఉంది. ఆయాను పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలవకూడదు. కాసేపు నిలబడి, గేటును ముట్టుకోకుండా, వచ్చిన దారినే తిరిగి వెళ్ళాను.

ఆ రోజుల్లో నాన్నకు ఇంకో బాధ పట్టుకుంది. పచ్చడికాయ పెరిగేసరికి దొంగలు పడ్డారు. ఆయన ఒక చివర ఉంటే ఇంకో చివర కాయ మాయమయ్యేది. పట్టపగలే గోతాల్లో నింపుకుని పోతున్నారు. వ్యాపారి వచ్చి, "కాపలా ఎవరికోసమయ్యా, చిలకలకా దొంగలకా?" అని అమ్మ ముందే అనేసి పోయాడు. ఆ మాటకు నాన్న రెండు పూటలు సరిగా తినలేదు.

నేను బడి గేటు సంగతి చెప్తున్నప్పుడు ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు.

"పచ్చిదేనా?"

"పచ్చిదే నాన్నా. నిన్ననో మొన్ననో కట్టినట్టుంది."

"నువ్వు లోపలికి పోలేదుగా?"

"అమ్మో, ఎలా పోతాను?"

"మరి దొంగనాకొడుకులు మాత్రం ఎలా పోతారు?" అన్నాడు నాన్న.

అమ్మకు అర్థమవడానికి కాస్సేపు పట్టింది. అర్థమయ్యాక పొయ్యి దగ్గర నుంచి లేచింది. "నీకేమన్నా మతి పోయిందా? లేని అమ్మోరిని ఉందంటావా? అమ్మోరితో ఆటలా?"

"ఆటలమ్మే గదే," అన్నాడు నాన్న. అని తనే నవ్వి, అమ్మ మొహం చూసి చెంపలు వేసుకున్నాడు. కాయ కోత కాగానే కొబ్బరికాయ కొట్టి, చద్ది నైవేద్యం పెడతానని మొక్కుకున్నాడు. అప్పటికి గాని అమ్మ ఒప్పుకోలేదు.

తోట గేటంటే రెండు గుంజలు, మధ్య వెదురు తడిక. దానికి వేపమండ కట్టింది నేనే. నాన్న కొమ్మ విరిచి ఇచ్చాడు, గుంజ ఎక్కి నేను కట్టాను. ఎండిన మండ అంటే అమ్మవారు వెళ్ళిపోయినట్టే కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి విప్పి పచ్చిది కట్టాలి. అది నా పని. చాలా శ్రద్ధగా చేశాను. రోడ్డు మీద నుంచి బాగా కనపడేట్టు, ఆకు కిందికి వేలాడేట్టు.

దొంగతనాలు ఆగిపోయాయి. ఒక్క కాయ పోలేదు. నాన్న మళ్ళీ కడుపునిండా తిన్నాడు.

దొంగలతోపాటు మిగతావాళ్ళూ ఆగిపోయారు. మధ్యాహ్నం నీళ్ళు తాగడానికి ఒక మేకల తాత వచ్చేవాడు. "ఏం చదువుతున్నావు పిల్లా?" అని అడిగి, నేను సముద్రం సంగతి చెప్తే, "అన్ని నీళ్ళుంటే మరి మనకెందుకు రావట్లేదే?" అనేవాడు. ఆయన రావడం మానేశాడు. వారానికోసారి చల్ల తెచ్చే ఆమె రోడ్డు అవతలి పక్కనుంచి చేతులు జోడించి వెళ్ళిపోయేది. నేను తడిక వెనక నుంచి చూసేదాన్ని. పిలిచి, మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు అని చెప్పడానికి లేదు. చెబితే ఊరంతా తెలుస్తుంది. నా చేత్తో నేను కట్టిన మండే, నేనే దానికి ఇవతల ఉండిపోయాను.

"బడి తెరిస్తే ఎలా తెలుస్తుంది నాన్నా?" అని అడిగాను.

"మాస్టారు కబురు పెట్టరా ఏంటి? క్లాసులో రెండోదానివి. నిన్నొదిలేసి పరీక్ష పెడతారా?"

నిజమే అనిపించింది. కబురు కోసం చూశాను. రోజూ పొద్దున లేవగానే పుస్తకాలు సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టేదాన్ని, కబురు వస్తే వెంటనే వెళ్ళిపోవచ్చని.

ఒకరోజు పొద్దెక్కాక నేను తోట ఆ చివర ఎండుపుల్లలు ఏరుతున్నాను. గేటు వైపు కుక్క అదేపనిగా మొరిగింది. పుల్లలు పడేసి పరుగెత్తుకుంటూ వచ్చాను. తడిక దగ్గర ఎవరూ లేరు. రోడ్డు మీద దూరంగా ఇద్దరు మనుషులు మలుపు తిరుగుతున్నారు. కుక్క ఇంకా అటే చూస్తోంది. తల ఎత్తి నా వేపమండ చూసుకున్నాను. ముందురోజే కట్టింది, నవనవలాడుతోంది.

సాయంత్రం నాన్న రాగానే ఎదురెళ్ళి చెప్పాను. "ఇవాళ ఇద్దరొచ్చారు నాన్నా! మండ చూసి పారిపోయారు!"

"చూశావా మరి!" అన్నాడు నాన్న. నా వీపు తట్టాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

*

ఎండలు ముదిరాయి. ఊళ్ళో అందరిళ్ళలో మూడో నీళ్ళు అయిపోయాయని, డప్పులు కొట్టి అమ్మవారిని పొలిమేర దాటించారని అమ్మ కూలి దగ్గర విని వచ్చింది. ఇక ఊళ్ళోకి వెళ్ళొచ్చంది. మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని, పుస్తకాల సంచి భుజాన వేసుకుని, లైబ్రరీ పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరాను.

ముందు బడి దగ్గరికే వెళ్ళాను. గేటుకు వేపమండ లేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. గేటుకు తాళం మాత్రం ఉంది. ఇంకా వేళ కాలేదేమో అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే నల్లబల్ల మీద ఆ పాత తేదీ అలాగే ఉంది. సరే, పుస్తకం ఇచ్చి వద్దామని లైబ్రరీకి వెళ్ళాను.

లైబ్రరీ మాస్టారు అప్పుడే పేపర్లు సర్దుతున్నారు. నన్ను చూసి కుర్చీలోంచి లేచారు. ఆయన నా కోసం ఎప్పుడూ లేవలేదు.

"వచ్చావా తల్లీ! ఇలా రా, వెలుతురులోకి రా." కళ్ళజోడు సర్దుకుని నా మొహం అటూ ఇటూ చూశారు. "ఒక్క మచ్చ కూడా పడలేదే! అదృష్టవంతురాలివి. ఎన్నో నీళ్ళకి లేచావు?"

నాకేమీ అర్థం కాలేదు. "పుస్తకం ఆలస్యమైందండీ," అన్నాను.

"పుస్తకానికేంలే. పరీక్ష పోతే పోయింది, ప్రాణం దక్కింది. మీ మాస్టారు ఎంత బాధపడ్డారనుకున్నావు?"

"ఏ పరీక్షండీ?"

ఆయన కళ్ళజోడు తీశారు. బడి గేటుకు మండ విప్పే దారి కనపడక, పెద్ద మాస్టారు ఏడో తరగతిని మాత్రం పిలిపించి లైబ్రరీ అరుగు మీద పాఠాలు చెప్పారట. మనిషికీ మనిషికీ మధ్య బారెడు దూరం పెట్టి, మూడు వారాలు. ఆగిరిపల్లి సెంటరుకు అందరినీ బస్సులో తీసుకెళ్ళి పరీక్ష కూడా రాయించారట. పరీక్షలైపోయి ఇరవై రోజులు దాటింది. మాస్టారు సెలవులకు వాళ్ళ ఊరెళ్ళిపోయారు.

"ఇదిగో, ఈ అరుగు మీదే," అని చూపించారు. అరుగు గోడ మీద సుద్దతో వేసిన లెక్క ఒకటి ఇంకా చెరిగిపోకుండా ఉంది. చక్రవడ్డీ లెక్క. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య, మా పుస్తకంలో లేని మెట్టు ఒకటి మాస్టారు వేసి చూపించారు. అక్కడే నిలబడి చదివాను. అర్థమైంది.

అక్కడి నుంచి నా బెంచీ నేస్తం ఇంటికి వెళ్ళాను. పరీక్ష అయ్యాక దానికి కూడా పోసిందట, ముక్కు మీద రెండు గుంటలు పడ్డాయి. నన్ను చూసి గట్టిగా పట్టుకుంది.

"ఏమే, తగ్గిందా?"

"నాకు ఏమీ రాలేదే," అన్నాను. "నాకెందుకు చెప్పలేదు? ఒక్క కబురన్నా పంపకపోయావా?"

"పంపేదేంటే? నేనే వచ్చాను! మాస్టారు వెళ్ళి తీసుకురమ్మంటే మా నాయనమ్మని తోడు తీసుకుని మీ తోట గేటు దాకా వచ్చాను. వేపమండ కట్టుంది. నేను పిలవబోతే నాయనమ్మ నోరు మూసేసింది. 'మండ కనపడట్లా? నోరెత్తావంటే చంపుతా' అంది. మీ కుక్క ఒకటే మొరుగుడు. వెనక్కొచ్చి మాస్టారితో చెప్పాను, దానికీ పోసిందండీ అని. ఆయన అలా నిలబడిపోయారు పాపం." అది నా మొహం చూసి ఆగింది. "మరి నీకు రాకపోతే మండ ఎవరికోసం కట్టారే?"

 దొంగల కోసం అని చెబితే తోట సంగతి బయటపడుతుంది. "కుక్కకి," అన్నాను. అది పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. రోడ్డెక్కాక ఏడ్చాను.

*

తోటకు వచ్చేసరికి నాన్న గేటు దగ్గరే ఉన్నాడు. "ఏమన్నారమ్మా? ఎప్పట్నుంచంట బడి?"

చెప్పకూడదనే అనుకుంటూ వచ్చాను. కానీ ఆయన కళ్ళలోకి చూస్తే అంతా బయటికి వచ్చేసింది. అరుగు, బస్సు, సెంటరు, అన్నీ. నేస్తం వచ్చిన రోజు కూడా చెప్పాను. "ఆ రోజు మనం నవ్వుకున్నాం చూడు నాన్నా, వాళ్ళు దొంగలు కాదు," అన్నాను.

నాన్న గుంజ దగ్గరికి వెళ్ళాడు. నేను ఎక్కి కట్టేదాన్ని కదా, ఆయనకు చెయ్యెత్తితే అందింది. ముడి గట్టిగా వేశాను. విప్పడానికి టైము పట్టింది. మండను నేల మీద పడెయ్యకుండా, రెండు చేతులతో పట్టుకెళ్ళి బావిగట్టు మీద పెట్టాడు.

"కాయ ఇంకా చెట్టునే ఉంది నాన్నా," అన్నాను.

"ఉండనీలేమ్మా," అన్నాడు.

వారం తిరక్కుండా మళ్ళీ దొంగలు పడ్డారు. గట్టు వెంబడి మూడు చెట్లు ఊడ్చుకుపోయారు. వ్యాపారి వచ్చి నోటికొచ్చిన మాటలన్నాడు. అమ్మే ఉండలేక, "ఆ మండేదో మళ్ళీ కట్టరాదా?" అంది. నాన్న వినిపించుకోలేదు. కోత అయ్యేదాకా కాళ్ళు బొబ్బలెక్కేట్టు తోటంతా తిరిగాడే గాని, ఆ గేటుకు మళ్ళీ వేపాకు తగలనివ్వలేదు. మరుసటి ఏడు ఆ వ్యాపారి నాన్నను కాపలాకు పిలవలేదు. ఇంకో తోట వెతుక్కోవలసి వచ్చింది, రెడ్డిగూడెం వైపు.

జూన్లో బడి తెరిచాక నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. మా పెద్ద మాస్టారికి బదిలీ అయిపోయింది. కొత్తాయన రిజిస్టరు చూసి, మళ్ళీ ఏడులో కూర్చోబెట్టమన్నారు. కూర్చున్నాను. నా నేస్తాలంతా నూజివీడు బస్సెక్కి పోయేవారు. నాకన్నా చిన్నపిల్లల మధ్య ఒక్కదాన్నే పొడుగ్గా ఉండేదాన్ని. నాట్లు మొదలయ్యాయి, అమ్మకు నడుం పట్టేసింది. ఒకరోజు మానేశాను. మర్నాడూ మానేశాను. పెద్ద మాస్టారు ఆ సాయంత్రం చెప్పిన మాటే జరిగింది. మళ్ళీ బెంచీ మీద కూర్చోలేదు.

మొన్న లోకమంతా జబ్బు వచ్చి బళ్ళు మూసినప్పుడు, మూయాలా వద్దా అని మా ఇంట్లో కూడా పెద్ద వాదన జరిగింది. అబ్బాయి మూయాలన్నాడు, కోడలు వద్దంది. నన్నడిగారు. ఒంటి మీద పొక్కు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఆటలమ్మ అంటుకుంటుందని వైద్యం పుస్తకంలో చదివాను. అందుకని ఆనాడు మూయడం తప్పని అనలేను. బిడ్డ పోయిన ఆయన తల వంచుకుని నిలబడటం నేను చూశాను. పెద్ద మాస్టారి మాటా తప్పు కాదు, దానికి నేనే సాక్ష్యం. "మూస్తే మూయండి. కానీ ఏ పిల్ల ఎక్కడికి పోతోందో రాసుకుని మూయండి. తెరిచినప్పుడు ఆ పిల్ల కంటబడేదాకా వెనక్కి రాకండి," అన్నాను. పెద్దావిడ ఏదో అంటోందిలే అన్నట్టు ఊరుకున్నారు.

నాన్నకు అక్షరం రాదని చెప్పాను కదా. ఆ జూన్ తర్వాత ఆయన ఒక అలవాటు చేసుకున్నాడు. పదిహేను రోజులకోసారి, ఏ తోటలో కాపలా ఉన్నా, నేను చదివేసిన పుస్తకం తువ్వాల్లో చుట్టుకుని మా ఊరి లైబ్రరీకి నడిచివెళ్ళేవాడు. అక్కడ ఆ అరుగు ఎక్కేవాడు కాదట. కింద నిలబడే, "ఇంకోటి ఇప్పించండి మాస్టారూ, లావుది," అనేవాడట. వైద్యం, చరిత్ర, నక్షత్రాలు, నవలలు, చట్టాలు, పట్టుపురుగుల పెంపకం, ఆయన ఏది తెస్తే అది చదివాను. ఏం తెస్తున్నాడో ఆయనకు తెలియదు. ఏం వస్తుందో నాకు తెలియదు. నాకు ఈరోజు తెలిసిందంతా ఆ తువ్వాల్లో వచ్చిందే.

ఒకసారి రెడ్డిగూడెం తోటలో ఉండగా, మధ్యాహ్నం ఎండలో వచ్చి తువ్వాలు విప్పి నా ఒళ్ళో పెట్టాడు. అట్ట లేదు. మొదటి నాలుగు పేజీలూ లేవు.

"బాగుందామ్మా?" అని అడిగాడు, చెమట తుడుచుకుంటూ.

"బాగుంది నాన్నా. చాలా లావుగా ఉంది," అన్నాను. ఆయన డబ్బా కొట్టుకుంటూ చిలకల్ని తోలడానికి వెళ్ళిపోయాడు. నేను అయిదో పేజీ నుంచి మొదలుపెట్టాను.